చల్లని తీరం వెంట వారం రోజులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే కోరిక చుట్టూ తిరుగుతున్నాయి. మళ్లీ విమానం ఎక్కే పని లేకుండా, ఉన్న ఊరికి దగ్గరి రేవులోనే ఓడ ఎక్కి, చల్లని తీరాల వెంట వారం రోజులు తిరిగి రావడం ఎలా ఉంటుందని అమెరికాలో ఉన్న పిల్లలూ, వారి దగ్గరకు బయలుదేరుతున్న తల్లిదండ్రులూ అడుగుతున్నారు. ఒకే రకంగా ఉన్న ఉత్తరాలను కలిపి, ఐదు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాము.

ప్రశ్న: మేము సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉంటాము. మా అమ్మానాన్నలు ఏప్రిల్ చివర భీమవరం నుంచి వస్తున్నారు. నాన్నగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. స్నేహితులు ఫ్లోరిడా వెళ్లి కరీబియన్ క్రూయిజ్ ఎక్కమంటున్నారు, నా భార్య మాత్రం ఇక్కడి నుంచే అలాస్కా వెళ్దామంటోంది. పెద్దవాళ్లను చలిలోకీ వానలోకీ తీసుకువెళ్లి అవస్థ పెడతామేమోనని నా భయం. ఏ నెలలో వెళ్లాలి, ఏ దారిలో వెళ్లాలి?

జవాబు: మీ ఆవిడ మాటే వినండి. భీమవరంలో ఏడాదికి పది నెలలు ఎండనూ ఉక్కనూ భరించే పెద్దవాళ్లను ఐదారు గంటల విమాన ప్రయాణం చేయించి, మళ్లీ ఎండా ఉక్కా ఉన్న దీవులకే తీసుకువెళ్లడంలో వారికి కొత్తగా దొరికేది తక్కువ. సియాటిల్ రేవు మీ ఇంటికి అరగంట, ట్రాఫిక్ ఉంటే గంట దూరం. పెట్టెలు కారులో పెట్టుకుని వెళ్లి, మధ్యాహ్నానికల్లా ఓడ ఎక్కి, వారం తరువాత అదే రేవులో దిగి ఇంటికి వచ్చి అన్నం వండుకోవచ్చు. రోజుకో హోటల్ మారకుండా, పెట్టె ఒక్కసారే విప్పి, పడక కదలకుండానే ఊళ్లు మారే ప్రయాణం మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఎంత సుఖమో చెప్పనక్కరలేదు.

చలి విషయానికి వస్తే, ఈ ఓడలు తిరిగేది ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే అలాస్కాలో కాదు, ఆగ్నేయంగా కెనడా తీరాన్ని ఆనుకుని తోకలా దిగి వచ్చిన సన్నని భాగంలో. ఆ రాష్ట్ర రాజధాని జూనోలో జులై నెల పగటి ఉష్ణోగ్రత 18 డిగ్రీల దగ్గర, రాత్రి 10 డిగ్రీల దగ్గర ఉంటుంది. అరకులో డిసెంబరు గడిపిన వారికి ఇది పెద్ద చలి కాదు. అసలు జాగ్రత్త పడవలసింది వాన గురించి. పసిఫిక్ మీది నుంచి వచ్చే తడిగాలి తీరాన్నే ఉన్న కొండలకు తగిలి పైకి లేచి అక్కడే కురుస్తుంది కాబట్టి, మన కోస్తా జిల్లాల్లో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, ఈ దారిలో వచ్చే కెచికాన్ అనే చిన్న ఊళ్లో దానికి మూడు రెట్లకు పైగా పడుతుంది. అయితే అది ఏడాది పొడవునా ఒకే తీరున కురవదు. వసంతం చివరా వేసవి మొదట్లోనూ తక్కువగా ఉండి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విజృంభిస్తుంది. అందుచేత మే రెండో వారం నుంచి జూన్ మొదటి పది రోజుల దాకా వెళ్లమని నా సలహా. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగిలే రోజులే అక్కడ పొడిగా ఉండే రోజులు. కొండల నెత్తిన మంచు ఇంకా కరగకుండా ఉంటుంది, పొద్దు రాత్రి తొమ్మిది దాటితే గాని కుంకదు, బడి సెలవులు ఇంకా మొదలుకావు కాబట్టి ధరలు కూడా జులైతో పోలిస్తే అందుబాటులో ఉంటాయి.

ఇక దారి. ఈ తీరం వెంట వేల దీవులు వరుసగా ఉండి, మహాసముద్రపు అలలకు అడ్డుగోడలా నిలుస్తాయి. ఆ దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య నీటి సందుల్లోంచి పోయే దారినే ఇన్‌సైడ్ పాసేజ్ అంటారు. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి బయలుదేరే ఓడలు సాధారణంగా వాంకూవర్ దీవికి లోపలి వైపు నుంచి, అంటే మొదటి రోజు నుంచే ఈ సందుల్లోంచి వెళ్తాయి. సియాటిల్ నుంచి బయలుదేరే పెద్ద ఓడలు ఎక్కువగా ఆ దీవికి బయటి వైపున, విశాల సముద్రం మీదుగా ఉత్తరానికి పోతాయి. కాబట్టి మీ ప్రయాణంలో మొదటి రాత్రీ రెండో రోజూ ఓడ కొంత ఊగుతుంది. అలాస్కా దీవుల్లోకి చేరాక నీరు చెరువులా ఉంటుంది.

వాంకూవర్ నుంచి వెళ్లే దారిలో సేమూర్ నారోస్ అనే ఇరుకు సందు ఉంది. దాని మధ్యలో నీటి కింద రెండు శిఖరాలుగా పొంచి ఉండి ఎన్నో నౌకలను చీల్చిన రాతిగుట్టను 1958 ఏప్రిల్ 5న కింద నుంచి సొరంగం తవ్వి, మందుగుండు కూరి పేల్చివేశారు. ఈనాటికీ పెద్ద ఓడలు అక్కడ పోటు నిలకడగా ఉండే సమయం చూసుకునే దాటుతాయి. మీరు సియాటిల్ వాసులు గనుక ఆ దారి కోసం పనిగట్టుకుని వాంకూవర్ వెళ్లమని చెప్పను. మీ నాన్నగారికి కడుపులో తిప్పే స్వభావం బాగా ఉంటే మాత్రం, మూడు గంటలు కారు నడుపుకుంటూ అక్కడికి వెళ్లడం గురించి ఆలోచించవచ్చు.

కడుపులో తిప్పడం అన్నాను కాబట్టి దానికీ రెండు మాటలు. క్యాబిన్ ఓడ మధ్య భాగంలో, వీలైనంత కింది అంతస్తులో తీసుకోండి, ఎందుకంటే ఊగిసలాట ముందు కొసనా పై అంతస్తుల్లోనూ ఎక్కువగా తెలుస్తుంది. అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి. మందు వేసుకోవాలంటే వాంతి మొదలయ్యాక కాకుండా ఓడ కదలకముందే వేసుకోవాలి. చెవి వెనుక అంటించే మందు పట్టీ మాత్రం గ్లకోమా, ప్రొస్టేట్ ఇబ్బందులు ఉన్న పెద్దవారికి పనికిరాకపోవచ్చు గనుక వైద్యుడిని అడగకుండా పెట్టకండి.

ఓడను ఎంచుకునేటప్పుడు ఈతకొలనులు ఎన్ని, నాటకశాలలు ఎన్ని అని లెక్క వేయకండి. దారిలో ఏ హిమానీనదం, అంటే మెల్లగా కదిలే మంచునది, ఉందో చూడండి. నన్నడిగితే గ్లేసియర్ బే ఉన్న ప్రయాణానికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఆ అఖాతం జాతీయ ఉద్యానం కాబట్టి రోజుకు రెండు పెద్ద ఓడలను మించి లోపలికి రానివ్వరు, అందువల్ల సియాటిల్ నుంచి వెళ్లే అన్ని ఓడలకూ ఆ అవకాశం ఉండదు. ఉదయమే ఉద్యానం వారి రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కుతారు. రోజంతా మైకులో ఆ కొండలనూ మంచునూ జంతువులనూ గురించి చెబుతూనే ఉంటారు. వారి ఇంగ్లీషు మీ అమ్మగారికి అందకపోతే మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి, అది విలువైన పని.

అక్కడ చెప్పుకోవలసిన కథ కూడా ఉంది. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ బృందం ఆ తీరాన్ని కొలుస్తూ వచ్చినప్పుడు అఖాతం దాదాపు లేదు, ముఖద్వారానికి కొద్ది దూరంలోనే మంచుగోడ అడ్డుగా ఉంది. 1879లో ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్ పడవ మీద వచ్చేసరికి ఆ గోడ 50 కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగిపోయింది. ఇప్పుడు ఓడ చివరి హిమానీనదం ముందుకు చేరడానికి ముఖద్వారం నుంచి 100 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. అంటే ఆ రోజు మీరు ఓడలో తిరిగే నీరంతా రెండు వందల ఏళ్ల క్రితం మంచు. అంతకు ముందు ఆ మంచు ముందుకు దూసుకు రావడం వల్లనే అక్కడి ఆదివాసులైన హూనా త్లింగిత్ ప్రజలు తమ ఊళ్లు వదిలి పోవలసి వచ్చింది, ఆ నేల వారి పూర్వీకులదే. 2016లో అదే ఉద్యానంలో వారి సంప్రదాయ సభాగృహం ఒకటి మళ్లీ వెలిసింది.

బాల్కనీ గది కావాలా అని మరికొందరు కూడా అడిగారు. వేడి దీవుల ప్రయాణంలో బాల్కనీ అలంకారమే అంటాను గాని, ఇక్కడ పెద్దవాళ్లు ఉంటే తీసుకోవచ్చు. శాలువా కప్పుకుని పది నిమిషాలు బయట కూర్చుని, చలి అనిపిస్తే లోపలికి వచ్చి, మళ్లీ వెళ్లి కూర్చునే వీలు వారికి ఎంతో ఉపయోగం. కాని కుడివైపు గదా ఎడమవైపు గదా అని మాత్రం తల బద్దలు కొట్టుకోకండి. హిమానీనదం ముందు ఓడను నిలిపి మెల్లగా గుండ్రంగా తిప్పుతారు కాబట్టి రెండు వైపుల వారికీ అది కనిపిస్తుంది.

రేవుల్లో దిగి చూసే యాత్రలు, అదే ఎక్స్‌కర్షన్లు, ఓడ టికెట్టు కన్నా ఎక్కువ ఖర్చు చేయించగలవు. మీ కుటుంబానికి రెండు చాలు. జూనోలో తిమింగలాలను చూపించే పడవ ఒకటి. శీతకాలంలో హవాయి నీళ్లలో పిల్లలను కని, దాదాపు ఏమీ తినకుండా ఉండే హంప్‌బ్యాక్ తిమింగలాలు వేసవి అంతా ఈ తీరానికి వచ్చి మేస్తాయి గనుక అవి కనిపించకపోవడమే అరుదు. రెండోది స్కాగ్వే అనే రేవు ఊళ్లో రైలు. 1898లో బంగారం కోసం వేలమంది అక్కడి కొండ కనుమ మీదుగా వెళ్తున్న రోజుల్లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన ఆ మూడడుగుల వెడల్పు పట్టాల మీద ఇప్పటికీ రైలు కొండ ఎక్కుతుంది. నాన్నగారు కిటికీ పక్కన కూర్చుంటే చాలు, నడక లేదు. కెచికాన్‌లో యాత్రలేమీ కొనకండి. గొడుగు వేసుకుని వాగు ఒడ్డున నడిచి, ఆదివాసులు చెక్కిన టోటెం అనే కొయ్య స్తంభాలు చూసి వెనక్కి రండి.

ప్రశ్న: నేను హెచ్-1బి ఉద్యోగ వీసా మీద సియాటిల్ దగ్గరి బాతెల్‌లో ఉంటున్నాను, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరింది. మా అత్తయ్య, మామయ్య విజిటర్ వీసా మీద వచ్చారు. అలాస్కా అమెరికాలోనే ఉంది కదా, మాకు వేరే వీసాలు ఎందుకు?

జవాబు: అలాస్కా అమెరికాలోనే ఉంది, కాని మీ ఓడ అమెరికాది కాదు. ఈ పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి ఇతర దేశాల జెండాల కింద నడుస్తాయి. విదేశీ నౌకలు అమెరికా రేవుల మధ్య మాత్రమే ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందువల్ల సియాటిల్ నుంచి బయలుదేరిన ఓడ ఎక్కడో ఒక విదేశీ రేవును తాకాలి. చివరి రోజు సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగేది చాలావరకు ఇందుకే. కొవిడ్ కాలంలో కెనడా తన రేవులు మూసినప్పుడు, 2021లో అమెరికా తాత్కాలికంగా ఒక ప్రత్యేక చట్టం చేస్తే తప్ప ఆ ఏడాది ఓడలు కదలలేదు.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు కెనడాలో కొద్ది గంటలు ఆగే ప్రయాణానికైనా కెనడా విజిటర్ వీసా తీసుకోవలసిందే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ వీసా అవసరం లేదు, పాస్‌పోర్టూ గ్రీన్ కార్డూ రెండూ చేతిలో ఉండాలి. మీ విషయంలో కెనడా వీసా వచ్చాక తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. అమెరికాలో ఎప్పటి దాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు ఉండి, కెనడాలో 30 రోజులు మించకుండా, ఈలోగా కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేయకుండా ఉంటే గడువు తీరిన స్టాంపుతోనే తిరిగి రానిస్తారు. దీనినే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. హెచ్-1బి ఆమోదం తెలిపే ఐ-797 పత్రం అసలు ప్రతి మీతో ఉంచుకోండి, బయలుదేరే ముందు మీ సంస్థ న్యాయవాదిని ఒకసారి అడగండి. మీ అత్తయ్య, మామయ్యల అమెరికా వీసా అనేకసార్లు రావడానికి చెల్లేదై, గడువు ఉంటే తిరిగి రావడానికి ఇబ్బంది ఉండదు గాని, ఈ ప్రయాణం వల్ల ఇక్కడ మరో ఆరు నెలలు దొరుకుతాయని లెక్క వేసుకోకండి. కాగితాలు సరిగా లేకపోతే రేవులోనే ఆపేస్తారు, డబ్బు కూడా తిరిగి రాదు. వీసాలు చేతికి వచ్చాకే టికెట్లు కొనడం మంచిది.

కెనడా వీసా సమయానికి రాకపోతే నిరాశ పడవద్దు. సియాటిల్‌కు ఉత్తరాన గంటన్నర దూరంలో బెలింగ్‌హామ్ అనే ఊరుంది. అక్కడి నుంచి అలాస్కా ప్రభుత్వం నడిపే ఫెర్రీ కెనడాలో ఆగకుండా, ఒకటిన్నర రోజు పైచిలుకు ప్రయాణంతో నేరుగా కెచికాన్ చేరుతుంది. 1963 నుంచి ఆ తీరంలో నడుస్తున్న ఈ ఫెర్రీలను స్థానికులు బస్సులాగా వాడుకుంటారు. డెక్ మీద డేరా వేసుకుని పడుకునే కుర్రవాళ్లు కూడా కనిపిస్తారు. విందులూ నాటకాలూ ఉండవు, తీరం మాత్రం అదే. కొన్నేళ్లుగా సర్వీసులు తగ్గాయి కాబట్టి వేళలు చూసుకుని, పెద్దవాళ్ల కోసం క్యాబిన్ ముందుగానే తీసుకోండి.

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయీ అల్లుడూ సియాటిల్ రమ్మని, వస్తే ఓడలో అలాస్కా చూపిస్తామని అంటున్నారు. నేను శాకాహారిని. చలిలో ఓడ మీద వారం రోజులు కూర్చుని చూసేది ఏముంటుంది? నాలాంటి వారికి అందులో తినడానికి ఏమైనా దొరుకుతుందా?

జవాబు: అమ్మా, మీరు పాపికొండలు చూసే ఉంటారు. కార్తీక మాసంలో లాంచీ డెక్ మీద కూర్చుంటే, రెండు వైపులా కొండలు దగ్గరకు జరిగి, ముందు దారి మూసుకుపోయినట్టుండి, మలుపు తిరగగానే మళ్లీ తెరుచుకుంటుందే, ఆ అనుభవమే ఇక్కడ రోజుల తరబడి సాగుతుంది. కొండల మీద మన టేకూ వెదురూ కాకుండా నల్లగా కనిపించే స్ప్రూస్, హెమ్లాక్ చెట్లు, వాటి పైన మంచు, కొండ చరియల నుంచి దారాలుగా జారే జలపాతాలు ఉంటాయి. మన లాంచీ సాయంత్రానికి వెనక్కి తిరుగుతుంది, ఈ ఓడ తిరగదు. వేడి దేశాల్లో ఓడ ఎక్కితే ఎండకు భయపడి పగలంతా ఏసీ గదుల్లోనే ఉండవలసి వస్తుంది. ఇక్కడ బయట కూర్చోవడానికే ఎక్కుతారు. ఆ చల్లదనమే ఈ ప్రయాణానికి ప్రాణం.

హిమానీనదం గురించి ఒక సంగతి ముందే చెబుతాను, అక్కడికి వెళ్లాక మీ అల్లుడిగారిని మీరే ఆశ్చర్యపరచవచ్చు. ఆ మంచు తెల్లగా కాకుండా నీలంగా కనిపిస్తుంది. వందల ఏళ్లుగా ఒకదానిమీద ఒకటి పేరుకున్న మంచు తన బరువుకు తానే నలిగి, లోపలి గాలి బుడగలు పోయి గట్టిపడుతుంది. అలాంటి మంచులోకి వెళ్లిన వెలుగులో ఎరుపు రంగు ఇంకిపోయి నీలం మాత్రం బయటకు వస్తుంది. ఓడ దాని ముందు నిలిచినప్పుడు అందరూ మాటలు ఆపేస్తారు. మేడంత మంచు పెళ్ల విరిగి నీటిలో పడడం ముందుగా కంటికి కనిపిస్తుంది, ఆ తరువాత కొంచెం ఆగి ఉరుములాంటి శబ్దం వస్తుంది. ఆ ఆలస్యాన్ని బట్టి మంచు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు.

జులై దాటాక వెళ్తే మరొకటి కూడా చూస్తారు. మీ గోదావరికి వరద నీరు వచ్చినప్పుడు సముద్రంలోని ఇలస ఏటికి ఎదురీది పులస అయినట్టే, అక్కడి సాల్మన్ చేపలు సముద్రం వదిలి తాము పుట్టిన వాగుల్లోకి ఎదురీదుతూ వస్తాయి. తేడా ఏమిటంటే పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోగలదు, పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక ఆ వాగులోనే ప్రాణం విడుస్తుంది. ఆ చేపల కోసం ఎలుగుబంట్లూ తెల్ల తల డేగలూ ఒడ్డున కాచుకుని ఉంటాయి. పుస్తెలు అమ్మి కొనే మాట మీకు అక్కరలేదు గాని, చూడడానికి శాకాహార నియమం అడ్డు రాదు కదా.

తిండి గురించి దిగులు వద్దు, కాని ఏర్పాటు ముందే జరగాలి. టికెట్టు తీసుకున్న వెంటనే భారతీయ శాకాహారం కావాలని మీ అమ్మాయి చేత ఓడ సంస్థకు రాయించండి. ఉల్లి, వెల్లుల్లి వద్దనుకుంటే అది కూడా విడిగా రాయాలి. మొదటి రాత్రి భోజనాల గదిలో పెద్ద వెయిటరును కలిసి మళ్లీ చెబితే, ఆయన ప్రతి రాత్రీ మరునాటికి ఏం వండాలో అడిగి రాసుకుంటారు. ఈ ఓడల వంటశాలల్లో మన దేశపు వంటవాళ్లు చాలామంది ఉంటారు, అడిగేవారు ఉంటే వారికీ సంతోషం. అయితే గోధుమ రొట్టె, పప్పు, పనీరు కూర వస్తాయి గాని గోంగూర పచ్చడి రాదు. ఓడ భద్రత దృష్ట్యా రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె వంటివి లోపలికి తీసుకువెళ్లనివ్వరు, ఇంట్లో వండిన పదార్థాలకు కూడా చాలా సంస్థలు ఒప్పుకోవు. దుకాణంలో కొని సీలు తీయని కందిపొడి, ఆవకాయ సీసా పెట్టెలో పెట్టుకోండి. ఓడలోంచి పండ్లు పట్టుకుని రేవులో దిగవద్దు, తనిఖీలో ఇబ్బంది పడతారు.

ఒక్క మందపాటి కోటు కన్నా ఒకదాని మీద ఒకటి వేసుకునే పలచని స్వెటర్లు మేలు. పైన నీళ్లు దిగని జాకెట్టు, తలకు మంకీ క్యాప్, కాళ్లకు మేజోళ్లూ పట్టు జారని బూట్లూ ఉండాలి. చీర కట్టుకోవడం మీకు అలవాటైతే లోపల వెచ్చని లెగ్గింగులు వేసుకుని నిశ్చింతగా కట్టుకోండి. చేతి తొడుగులు మాత్రం మరవవద్దు, ఎందుకంటే డెక్ మీది ఇనుప కమ్మీలు పట్టుకోకుండా ఉండలేరు. రోజూ వేసుకునే మందులు పది రోజులవి అదనంగా చేతి సంచిలోనే ఉంచుకోండి. ఓడలో వైద్యుడు ఉంటారు గాని ఫీజు గట్టిగానే ఉంటుంది. అమెరికా ప్రయాణానికి కొన్న విజిటర్స్ ఇన్సూరెన్స్ ఓడ మీదా కెనడాలోనూ చెల్లుతుందో లేదో మీ అల్లుడిగారిని చదివి చూడమనండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాము. ఆకులు రంగు మారే రోజుల్లో ఇక్కడి నుంచే కెనడా దాకా వెళ్లే ఓడలున్నాయని విన్నాము. అవి బాగుంటాయా?

జవాబు: బాగుంటాయి, కాని మీరు అనుకుంటున్న కారణానికి కాదు. ఆకుల కోసమే అయితే ఓడ ఎక్కకండి. కారు తీసుకుని వెర్మాంట్ కొండల్లోకి వెళ్లండి. ఓడ డెక్ మీద నుంచి తీరం దూరంగా కనిపిస్తుంది, ఉప్పుగాలి తగిలే ఒడ్డున నల్లని దేవదారు జాతి చెట్లే ఎక్కువ. ఎర్రని మేపుల్ ఆకులు చూడాలంటే రేవులో దిగి లోపలికి పోవలసిందే. పైగా ఓడ తేదీని ఏడాది ముందే నిర్ణయించుకోవాలి, ఆకు ఏ వారం పండుతుందో ఆ ఏటి రాత్రి చలిని బట్టి ఉంటుంది.

ఈ దారిలో నిజంగా చూడదగినవి ఊళ్లూ, సముద్రపు పోటూ. మీకు దగ్గరి రేవు బేయాన్‌లోని కేప్ లిబర్టీ. బయలుదేరే సాయంత్రం ఒక పక్క స్వేచ్ఛా ప్రతిమ, మాన్‌హటన్ మేడలు కనిపిస్తుండగా, వెరజానో వంతెన కింద ఓడ పొగగొట్టం తగులుతుందేమో అన్నంత దగ్గరగా దాటిపోయే క్షణానికి పై డెక్ మీద ఉండండి. ఆ తరువాత బోస్టన్, మెయిన్ రాష్ట్రపు రేవులు, కెనడాలో సెయింట్ జాన్, హాలిఫాక్స్ వస్తాయి. సెయింట్ జాన్ ఉన్న ఫండీ అఖాతం పోటుకు ప్రపంచంలోనే పేరు పడింది. గరాటులా ఇరుకవుతూ పోయే ఆ అఖాతం చివరి కొసలో ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, మన విశాఖలో అది రెండు మీటర్లు కూడా ఉండదు. సెయింట్ జాన్‌లో ఆ పోటు ధాటికి నది వెనక్కి ప్రవహించడం చూడవచ్చు, కాని ఆటు వేళా పోటు వేళా రెండుసార్లూ అదే చోటికి వెళ్తేనే ఆ వింత అర్థమవుతుంది. ఒక్కసారే తీసుకువెళ్లే బస్సు యాత్రకు డబ్బు పెట్టకండి. హాలిఫాక్స్‌లో ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానంలో 1912లో మునిగిన టైటానిక్ మృతుల సమాధులు 121 ఉన్నాయి. కొన్నిటి మీద పేరు లేదు, సంఖ్య మాత్రమే ఉంది. వాటిని చూసి వచ్చి ఆ రాత్రి అదే సముద్రం మీద ఓడ ఎక్కడం కొందరికి నచ్చదు, అందుకే ముందుగా చెబుతున్నాను.

మెయిన్‌లోని బార్ హార్బర్ గురించి ఒక హెచ్చరిక. ఓడల జనంతో విసిగిన ఆ చిన్న ఊరి ఓటర్లు రోజుకు 1,000 మందికి మించి దిగకూడదని 2022లో తీర్మానించారు, కాబట్టి ఆ పేరు చూసి టికెట్టు కొనే ముందు మీ ఓడ అక్కడ ఆగుతుందో లేదో తేల్చుకోండి. జూనో కూడా 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడల పరిమితి పెట్టుకుంది. 32 వేల మంది ఉండే ఊరికి ఏటా 16 లక్షలకు పైగా జనం వచ్చి పడుతుంటే ఆ ఊరివాళ్లు గీత గీయడంలో నాకు తప్పేమీ కనిపించలేదు.

సెప్టెంబరు రెండో వారం అట్లాంటిక్ తుఫానులకు ముమ్మర కాలం గనుక, దారి మార్చే అధికారం ఓడ సంస్థకు ఉంటుందని ఒప్పందంలో రాసి ఉంటుంది. ఒక రేవు తప్పిపోయినా బాధపడని మనస్తత్వం ఉంటే సెప్టెంబరు చివరి పది రోజులు, లేకపోతే అక్టోబరు మొదటి రెండు వారాలు ఎంచుకోండి. మీ కుటుంబంలో భారత పాస్‌పోర్టులు ఉన్నవారికి పైన చెప్పిన కెనడా వీసా నియమం ఇక్కడా వర్తిస్తుంది.

ప్రశ్న: అమెరికా సంగతి సరే. విశాఖపట్నంలో ఉన్న మాకు ఇంటి దగ్గర ఇలాంటిది ఏమైనా ఉందా?

జవాబు: 2022 వేసవిలో ఒక విహార నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై రేవులకు కొన్ని విడతలు నడిచింది, 2023లో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమయింది. కాని అక్కడ ఏటా నిర్ణీత రోజుల్లో నడిచే ఓడల వరుస ఇంకా స్థిరపడలేదు కాబట్టి, ప్రకటన వచ్చినప్పుడే చూసుకోవాలి. వేసవిలో ప్రకటిస్తే నేనైతే ఎక్కను, జూన్ ఎండలో బంగాళాఖాతం మీద డెక్ మధ్యాహ్నమంతా కాలుతూనే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాలవి. డిసెంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా సముద్రం నిలకడగా ఉండి, పొద్దున్నే శాలువా కప్పుకునేంత చల్లని గాలి వీస్తుంది, ఆ రోజుల్లో ఓడ దొరికితే మాత్రం రెండు రాత్రులదైనా సరే వదులుకోకండి. అప్పుడు రాత్రి కన్నా పగలు తీరానికి దగ్గరగా నడిచే ప్రయాణాన్ని ఎంచుకోండి, డాల్ఫిన్స్ నోస్ కొండను నీటి వైపు నుంచి చూసిన విశాఖవాసులు చాలా తక్కువ.